రొయ్యలు పైకి తేలకముందే

(కావలిలో ఒక ఆదివారం పొద్దున మాట్లాడిన మాటలివి. తాగుడు మానినోళ్ళు, మానాలని చూస్తున్నోళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు వచ్చిన సభ. రికార్డింగ్ విని రాశాం, మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. తలుపు కాడ నిలబడిన అన్నలు ముందుకి రండి, ఈడ కుర్చీలు ఖాళీగానే ఉండాయి. తలుపు పక్కన నిలబడితే మధ్యలో జారుకోవచ్చు అనిపిస్తది, నాకు తెలుసు, నేను మొదటి మూడు మీటింగులు అట్టానే తలుపు పక్కన కూర్చున్నా.

నాది ఇందుకూరుపేట మండలం, సముద్రం ఒడ్డున మైపాడు పక్కన. రొయ్యల గుంటలు చేస్తా. మందు ముట్టి పదకొండేళ్ళయింది. నేను డాక్టర్ని కాదు, చదివింది కూడా ఇంటర్ దాకానే, నాకు జరిగింది, నేను తెలుసుకుంది చెప్తా, మీకు పనికొచ్చింది తీసుకోండి.

ముందు ఒక్క మాట చెప్పేస్తా, ఇది ప్రాణాల మీద మాట కాబట్టి. రోజూ పొద్దున్నుంచి తాగే మనిషి ఈ సభలో మాటలు విని ఇంటికి పోయి రేపట్నుంచి బంద్ అని ఒక్కసారిగా మానబాకండి. మానిన మొదటి రెండు రోజుల్లో ఫిట్సు రావొచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పి లేనివి కనపడొచ్చు, మనుషులు చనిపోతారు దాంట్లో. ఆసుపత్రిలో డాక్టరు చూస్తా ఉండగా మానాలి, వాళ్ళు ఇంజెక్షన్లు, బి1 విటమిన్ ఇస్తారు. అట్టానే అమ్మల్లారా, అక్కల్లారా, మందు మాన్పించే బిళ్ళ అని ఎవరో ఇచ్చింది తెలీకుండా సాంబార్లో కలిపి పెట్టొద్దు. ఆ బిళ్ళ లోపల ఉండగా తాగితే బీపీ పడిపోయి గుండె మీదకొస్తది. ఆ బిళ్ళ వేసుకునే మనిషికి తెలిసి, డాక్టరు రాసి ఇస్తేనే వెయ్యాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మానటం ఎట్టా అని అందరూ అడుగుతారు. మానినాక సాయంత్రం ఏడింటికి ఏం చెయ్యాలి అని ఎవరూ అడగరు. కోపమొస్తే ఏం చెయ్యాలి, ఎవరన్నా తీసిపారేసినట్టు మాట్లాడితే ఏం చెయ్యాలి, బాగా సంతోషంగా ఉంటే ఏం చెయ్యాలి. నేను పంతొమ్మిదో ఏట మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు తాగినా అబ్బయ్యా, ఆ ఇరవై ఏళ్ళల్లో నాకు ఏ బాధొచ్చినా ఏ సంతోషమొచ్చినా దాన్ని సీసాలోనే పోసినా. మానేటప్పటికి నా వయసు నలభైకి దగ్గర, కోపం ఎట్టా తట్టుకోవాలో తెలిసింది మాత్రం పంతొమ్మిదేళ్ళ కుర్రోడికి తెలిసినంత. ఇది నాకు చెన్నైలో ట్రీట్‌మెంట్ అప్పుడు ఒక కౌన్సెలరమ్మ చెప్పింది, ఆ రోజు నాకు కోపమొచ్చింది, ఇప్పుడు ఆమెకి దణ్ణం పెడతా.

మా నాయన గురించి చెప్పాలి. మనది నెల్లూరు జిల్లా, మీకు 1992 గురించి నేను చెప్పే పని లేదు. దూబగుంటలో రోశమ్మగారు, ఆ ఊరి ఆడోళ్ళు సారా అంగడి మూయించారు, ఆడ్నుంచి ఊరూరికీ పాకింది. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడోళ్ళే చీపుర్లు, కారప్పొడి పట్టుకుని రోడ్డు మీదకొచ్చారు. మా అమ్మ కూడా పొయ్యింది. మా ఊళ్ళో సారా ప్యాకెట్లు కాలవ గట్టు మీద కోసి పారబోస్తా ఉంటే నేను చూసినా, అప్పుడు నాకు పదిహేడు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది. మా నాయన కొన్నాళ్ళు మానినాడు. కానీ ఆ మానిన రోజుల్లో ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తే, అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తా ఉండేవాడు, ఎవరన్నా పలకరిస్తే కసురుకునేవాడు, రాత్రిళ్ళు నిద్ర పట్టక గట్ల మీద తిరిగేవాడు. మాకు ఆయనంటే తాగినప్పటికంటే మానినప్పుడే ఎక్కువ భయమేసేది. 1997లో నిషేధం ఎత్తేశారు, అంగడి తెరిచిన వారంలోపే మళ్ళీ మొదలు. మా అమ్మావాళ్ళు చేసింది చిన్న పని కాదు, ఆ పోరాటం లేకపోతే మా ఇల్లు ఎప్పుడో పొయ్యేది, దాన్ని నేను తక్కువ చెయ్యటం లేదు. అంగడి మూయించటం వాళ్ళ చేతిలో ఉండె, మూయించారు. మా నాయన గుండెలో ఏముందో అడిగే మనిషి మాత్రం ఊళ్ళో ఎవరూ లేరు, అడిగితే చెప్పటానికి ఆయన కాడ మాటలూ లేవు. చిన్నప్పుడే తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడంట, ఆ సంగతి నాకు ఆయన చనిపోయినాక మా మేనత్త చెప్పింది.

మానిన కొత్తలో మనిషి ఎందుకు అట్టా కసురుకుంటాడో తర్వాత తెలిసింది నాకు. మందు మెదడుని కిందకి నొక్కుతది, రోజూ నొక్కుతా ఉంటే మెదడు కూడా ఎదురు తోస్తది, లేకపోతే పనిచెయ్యలేదు కాబట్టి. మందు తీసేసినాక నొక్కేది ఉండదు, తోసేది మాత్రం అట్టానే ఉంటది. అందుకే చిన్న శబ్దానికి ఉలికిపడటం, నిద్ర లేకపోవటం, ఊరికే కళ్ళల్లో నీళ్ళు, ఊరికే కోపం. వారాలు పడతది తగ్గటానికి, కొంతమందికి నెలలు పడతది. కాబట్టి అమ్మా, మీ ఆయన మానినాక ఇంకా చిడచిడలాడతా ఉండాడంటే మనిషి బుద్ధి అంతే అనుకోబాకండి, ఒంట్లో ఇంకా ఆ పని జరుగుతా ఉంది. అట్టాగని కొడితే తిడితే పడమని చెప్పటం లేదు, అది వేరే సంగతి, చెయ్యెత్తే మనిషి ఎదురుగా ఉండొద్దు, పిలకాయల్ని తీసుకుని అవతలకి పోండి.

ఇంకోటి ఏందంటే, మెదడు లెక్కలు కట్టుకుంటది. పావ్‌లోవ్ అని రష్యాలో ఒకాయన కుక్కలకి కూడు పెట్టే ముందు శబ్దం వినిపించేవాడు, కొన్నాళ్ళకి కూడు లేకపొయినా శబ్దానికే నోరూరేది. మనమూ అంతే. నాకు సోడా సీసా కొట్టిన శబ్దం వింటే నోరూరేది, కరెంటు పొయ్యి చీకటి పడితే నోరూరేది. చేపల వేపుడు వాసన వస్తే కూడా అంతే, నెల్లూరు మనిషికి చేపల వేపుడు తినకుండా ఎట్టా కుదురుతది చెప్పండి. శబ్దాలు, వాసనలు, తావులు అయితే కొన్నాళ్ళు తప్పించుకు తిరగొచ్చు, నేను ఏడాది పాటు బజారు రోడ్డు మీద పోకుండా చుట్టు తిరిగి పొయ్యేవాణ్ణి. మనసులో పుట్టేదాన్ని తప్పించుకుని ఏ రోడ్డున పోతాం?

సియాటిల్లో మార్లాట్ అని ఒక ప్రొఫెసరు ఉండేవాడు, 2011లో పొయ్యాడు. మానినోళ్ళు మళ్ళీ ఎందుకు మొదలుపెడతా ఉండారో ఆయన, ఆయనతో పనిచేసినోళ్ళు లెక్క తీశారు, మందొక్కటే కాదు, సిగరెట్లు, హెరాయిన్, జూదం కూడా అందులో ఉండాయి. నూటికి 35 సందర్భాల్లో మనసు బాలేకపోవటం, అంటే దిగులు, కోపం, విసుగు లాంటివి. 16 మనుషులతో గొడవ. 20 పక్కనోళ్ళు రమ్మనటం, పొయ్యటం. ఒంట్లో నొప్పి, వణుకు లాంటి కారణాలు వీటి ముందు చాలా తక్కువ. నేను ఈ లెక్క విన్నప్పుడు నా సంగతంతా ఎవరో పుస్తకంలో రాసినట్టు అనిపించింది.

అయితే నన్ను మొదటిసారి పడేసింది దిగులు కాదు, సంతోషం. ట్రీట్‌మెంట్ నుంచి వచ్చి అయిదు నెలలు. ఆ ఏడు పంట బాగొచ్చింది, 30 కౌంటు దాకా, అంటే కిలోకి ముప్పై తూగేంత పెరిగినాయి రొయ్యలు, వైట్‌స్పాట్ తెగులు రాలేదు, రేటు కూడా కలిసొచ్చింది. పట్టుబడి రాత్రి, అదే రొయ్యలు పట్టే రాత్రి, లైట్లు, ఐసు లారీ, వల లాగే పిలకాయల కేకలు, తూకం అయిపొయ్యేసరికి తెల్లారుజామున మూడు. ఇరవై ఏళ్ళుగా పట్టుబడి అంటే నాకు ఆ టైముకి గట్టు మీద సీసా. దుఃఖం వస్తే ఏం చెయ్యాలో నాకు చెన్నైలో నేర్పించారు, కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నా, సంతోషం వస్తే ఏం చెయ్యాలో ఆ కాగితంలో లేదు. ఎవరో బీరు చేతిలో పెట్టాడు. ఒక్క బీరే కదా. తాగినాక వచ్చింది అసలు బాధ, ఛీ అయిదు నెలలు మట్టిలో పోసినా, ఇంక నా వల్ల కాదు, ఎట్టాగూ పొయ్యింది కదా అని. ఆ ఎట్టాగూ పొయ్యింది అనే మాట తొమ్మిది రోజులు తాగించింది నన్ను. బీరు ఒకటే, మిగతా తొమ్మిది రోజులూ సిగ్గు. ఈ సభలో ఎవరన్నా మొన్నా నిన్నా జారి ఉంటే వినండి, ఒక పూట జారితే ఒక పూటే జారినట్టు, ఆ అయిదు నెలలు ఎక్కడికీ పోలేదు. ఆ పూటే ఫోన్ చెయ్యండి ఎవరికన్నా.

రెండోసారి మానినప్పుడు నాకు ఒక మాష్టారు దొరికినారు. కోవూరాయన, రిటైరైన తెలుగు పంతులు, ఆయన కూడా మనలాగే తాగి మానిన మనిషే. ఆయన నాతో చేయించిన పని మీకు చెప్తా, నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే. ఎట్టా ఉండావురా అని అడిగేవారు, నేను మనసు బాలేదు మాష్టారూ అనేవాణ్ణి. బాలేదంటే ఏంది, సరైన మాట చెప్పు అనేవారు. చిరాకుగా ఉంది అనేవాణ్ణి. చిరాకు కాదు, ఇంకా లోపలికి పోయి చూడు. తెలుగులో ఎన్ని మాటలుండాయిరా, దిగులు వేరు, బెంగ వేరు. బెంగ అంటే ఎవరో కావాలి, దిగులుకి ఎవరూ అక్కర్లేదు. రోషం వేరు, ఉక్రోషం వేరు. రోషంలో ఎదురుతిరిగే బలముంటది, ఉక్రోషంలో ఏమీ చెయ్యలేకపొయినాననే మంట ఉంటది. కుళ్ళు వేరు, చిన్నబోవటం వేరు. ఒక్కోదానికి మందు వేరేరా, అన్నిటికీ ఒకే మందు తాగబట్టే ఇట్టా అయినావు అనేవారు. నాకు మొదట పిచ్చి పనిలాగా ఉండేది. రోజూ రాత్రి నోట్‌బుక్‌లో ఒక్క మాట రాయాలి, ఆ రోజు లోపల ఏముందో. మూడు నెలల్లో నాకు ఒకటి అర్థమైంది, నేను కోపం కోపం అనుకునేదాంట్లో సగం కోపమే కాదు. చిన్నబోవటం.

అన్నిటికంటే మోసకారి మాట ఒకటుంది, మొగమాటం. ఇది మనోళ్ళకి ఎక్కువ. పెళ్ళికి పోతాం, బామ్మర్ది గ్లాసు పట్టుకొచ్చి నా మీద ప్రేముంటే తాగు బావా అంటాడు. వద్దనలేం. వద్దంటే వాడు చిన్నబోతాడేమో అని మనం చావటానికి సిద్ధపడతాం. నేను చేసేది ఏందంటే, పెళ్ళికి నా బండి మీదే పోతా, ఎవరి కార్లోనూ ఎక్కను, లేవాలంటే లేవొచ్చు. చేతిలో ఎప్పుడూ ఒక గ్లాసు మజ్జిగో కూల్‌డ్రింకో పట్టుకోనుంటా, ఖాళీ చెయ్యి కనపడితేనే పొయ్యటానికొస్తారు. ఎవరన్నా బలవంతం చేస్తే నాకు పడదు అని ఒక్క మాట చెప్తా, కారణాలు చెప్పను, కారణం చెప్తే దానికి వాళ్ళ కాడ జవాబుంటది. భోజనం చేసి అక్షింతలు వేసి వచ్చేస్తా. బామ్మర్ది రెండేళ్ళు అలిగినాడు, ఇప్పుడు మామూలే.

ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళు, అదే 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు సాయంగా మొదలుపెట్టిందే, వాళ్ళు నాలుగు చూసుకోమంటారు, ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఇంగ్లీషులో ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే హాల్ట్ అవుతది, ఆగు అని. నాకు అది గుంటల భాషలో అర్థమైంది. ఈడ రొయ్యల రైతులు ఉండారా, చేతులెత్తండి. ఆ, ఉండారు. మీకు తెలుసు కదా, గుంటలో ఆక్సిజన్ పగలు బాగుంటది, ఎండకి నీళ్ళల్లో ప్లాంక్టన్, అదే కంటికి కనపడని నాచు, ఆక్సిజన్ ఇస్తది, రాత్రి అదే మళ్ళీ తీసుకుంటది, తెల్లారుజాముకి అన్నిటికంటే తక్కువకి పడిపోతది. ముసురు పట్టిన రోజైతే ఇంకా ఘోరం. అందుకే రాత్రి రెండింటికి లేచి మీటరు పెట్టి చూస్తాం, 4 కంటే కిందకి దిగతా ఉంటే ఏరియేటర్లు, అదే నీళ్ళల్లోకి గాలి కొట్టే మిషన్లు, పెంచుతాం. చూడకుండా పడుకుంటే నాలుగింటికి రొయ్యలు పైకి తేలి గట్టు వారకి వస్తాయి. పైకి తేలినాక పరిగెత్తినా సగం పంట పోతది.

తాగాలనిపించటం అనేది రొయ్యలు పైకి తేలటం లాంటిది. మనం ఆ టైములో పట్టుదల పట్టుదల అని పోరాడతాం, ఓడిపోతే నాకు పట్టుదల లేదు అనుకుంటాం. నీళ్ళల్లో గాలి తగ్గింది అయిదారు గంటల ముందు. పొద్దున టిఫిన్ తినలేదు, ఫీడు కంపెనీ బాకీ గురించి ఫోనొచ్చింది, మధ్యాహ్నం ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు, రాత్రి గుంట కాడ కాపలా, నిద్ర లేదు. సాయంత్రం ఏడింటికి పెళ్ళాం ఒక మాట అన్నది, దాంతోనే మొదలైందని మనం అనుకుంటాం. పాపం ఆమె మాట చివరిది. నేను ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మూడింటికి, ఫోన్లో అలారం పెట్టుకోనుండా, గట్టు మీద రవంతసేపు కూర్చుని చూసుకుంటా, తిన్నానా, పడుకున్నానా, ఎవరితోనన్నా మాట్లాడినానా, లోపల ఏ మాటుంది. బాలేదంటే అప్పుడే ఏదో ఒకటి చేస్తా, అన్నం తింటా, అరగంట పడుకుంటా, మాష్టారికి ఫోన్ చేస్తా. మూడింటికి ఉన్నది చిన్నది, చేతిలో పట్టుకోవచ్చు, ఏడింటికి అది మనల్ని పట్టుకుంటది.

అయినా కొన్నిసార్లు చూసుకోవటం కుదరదు. రెండోసారి మానిన నాలుగో నెల. నెల్లూరు పొయ్యి ఫీడు డీలరు కాడ మాటలు పడి, మద్రాసు బస్టాండు కాడ వానలో తడిసి, జలుబుకి దగ్గు మందు తాగి ఇంటికొచ్చినా. గడపలో నా భార్య దగ్గరకొచ్చి నోరు వాసన చూసింది. ఏమీ అనలేదు. పక్కన మా పాప నిలబడి చూస్తా ఉంది, ఎనిమిదేళ్ళది. వాళ్ళమ్మ మొహం చూసి అది రెండడుగులు వెనక్కి వేసింది. అంతే. నేను తడి బట్టలతోనే బండి తీసినా. తాగకపొయినా తాగినోణ్ణే అయినప్పుడు తాగితే ఏం పోతది అని, అదే మాట తలలో తిరగతా ఉంది, చెవులు వేడెక్కి, గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది. అంగడి నాలుగు కిలోమీటర్లు. అంగడి ముందు బండి స్టాండ్ వేసినా, జేబులో డబ్బు తీసినా. నోట్ల మధ్య మాష్టారు రాసిచ్చిన చీటీ, అందులో ఆయన నంబరు. ఫోన్ చేసినా. ఏం మాటరా అన్నారు, నమస్కారం కూడా లేకుండా. చిన్నబొయినా మాష్టారూ అని ఏడ్చేసినా, రోడ్డు మీద. ఆయన బుద్ధులు చెప్పలేదు. తిన్నావా అన్నారు. పొద్దున్నుంచి తినలేదు. పక్కన బండి ఏమన్నా ఉందా, ఒక కారం దోసె తిను, ఫోన్ పెట్టబాక, తాగేదైతే తిన్నాక తాగుదువులే అన్నారు. దోసె తిన్నా, ఇంకోటి తిన్నా, ఆయన ఏదో పద్యం గురించి చెప్తా ఉండారు, అరగంటైంది. లోపల లేచింది దిగిపొయ్యింది. ఇంకా బాధ ఉంది, కానీ తాగాల్సిన పని లేదు. మార్లాట్ చెప్పింది కూడా ఇదేనంట, అల లేచి పైకి పొయ్యి దానంతటదే దిగుతది, దాని మీద నిలబడి ఉండు చాలు అని. మైపాడు కాడ పుట్టినోణ్ణి, ఈ మాట నాకు ఎవరన్నా ముందే చెప్పుంటే బాగుండేది.

ఇంటికొచ్చేసరికి ఆమె మేలుకోనుంది. నువ్వు వాసన చూస్తే నేను చిన్నబొయినా అన్నా. పెళ్ళయినాక అట్టాంటి మాట చెప్పటం అదే మొదలు. ఆమె చాలాసేపు గమ్మునుండి, పదహారేళ్ళు ఆ వాసన చూసే బతికినా, ఏ పూట ఎట్టా ఉంటదో దాన్ని బట్టే తెలుసుకునేదాన్ని, ఇప్పుడు మానమంటే నా ముక్కు మానదు అన్నది. నాకు ఆ రోజు ఆమె భయం కనపడింది. అప్పటిదాకా నా అవమానమొక్కటే కనపడేది.

(ముందు వరుసలో ఒకామె లేచి అడిగారు: మా ఆయన మానేసి నలభై రోజులైంది అన్నా, నేనూ రాత్రిళ్ళు నిద్రలో నోరు వాసన చూస్తా ఉండా. మానుకోవాలనుంది, భయం పోలేదు. ఏం చెయ్యాలి?)

కూర్చోమ్మా, కూర్చో. నువ్వు తప్పు చెయ్యలేదు. నలభై రోజులకి భయం పోదు, పోవాలని ఎవరూ నిన్ను అడగకూడదు. మేం చేసుకున్న ఒప్పందం చెప్తా. ఆమె చూడకముందే నేనే పొయ్యేవాణ్ణి. ఇంటికి రాగానే చెప్పులు విప్పి ఆమె పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగి, ఆ రోజు ఎట్టా జరిగిందో చెప్పేవాణ్ణి, యాడికి పొయినా, ఎవరు ఏమన్నారు, మధ్యాహ్నం మూడింటికి లోపల ఏ మాటుంది. దగ్గరగా కూర్చుని మాట్లాడితే ఆమెకి తెలిసిపోద్ది, వాసన చూసే పని ఉండదు, నేను చిన్నబొయ్యే పనీ ఉండదు. అనుమానమొస్తే నోటితో అడగాలి, నాకు భయమేస్తా ఉంది అని, తాగినావా అని కాదు. ఆమె పూర్తిగా మానటానికి రెండేళ్ళు పట్టిందమ్మా. ఎప్పుడు మానిందో కూడా నాకు తెలీదు, ఒక రోజు గుర్తొచ్చి అడిగితే, ఏమో, మర్చిపొయినా అన్నది. నీకూ ఎవరితోనన్నా మాట్లాడాలనిపిస్తే 14416 ఉంది, టెలి మానస్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. తాగుడు సంగతికి 14446 ఉంది. బతకాలని లేదు అనిపించే రాత్రి ఎవరికన్నా వస్తే, మీకైనా మీ ఆయనకైనా, ఆ 14416కి ఆ రాత్రే చెయ్యండి, తెల్లారేదాకా ఆగబాకండి. తాగాలనే యావ తగ్గించే బిళ్ళలు కూడా ఉండాయి, డాక్టర్ని అడగండి, బిళ్ళ వేసుకుంటే చేతకానోడని కాదు.

ఇంకెవరన్నా అడుగుతారా? సరే, ఒంటిగంట కావస్తా ఉంది. వెనకాల అన్నం పెట్టారు, పప్పుచారు, చేపల పులుసు, పులుసు తిననోళ్ళకి వంకాయ. ఎవరూ తినకుండా పోబాకండి. ఈ వారమే మానినోళ్ళు నా పక్కన కూర్చోండి, ఆదివారం సాయంత్రం ఎట్టా ఉంటదో నాకు తెలుసు. నా బస్సు ఏడున్నరకి, అందాకా ఈడనే ఉంటా.